మీ శరీరం మీదే... డబ్బా మాది!

కొత్తగూడ చౌరస్తాలో ఫ్లైఓవర్ కింద బస్సు కోసం నిలబడితే ఎదురుగా ఒక హోర్డింగు కనిపించేది. పాతికేళ్ళు కూడా నిండని అమ్మాయి ముఖం, పక్కన తెల్లటి డబ్బా, డబ్బా మీద 'కొల్లాజెన్' అన్న పేరు. పైన పెద్ద అక్షరాల్లో రెండు వాక్యాలు: 'మీ శరీరం మీదే. దాన్ని తిరిగి గెలుచుకోండి.'

ఆ రెండు వాక్యాలూ రాసింది నేనే.

గొప్ప కోసం చెప్పడం లేదు. సంజాయిషీగా చెబుతున్నాను. ప్రబంధాల్లో స్త్రీ శరీర వర్ణన మీద పరిశోధన చేసి డాక్టరేట్ తీసుకున్నదాన్ని. పట్టా చేతికొచ్చి ఐదేళ్ళయినా ఉద్యోగం మాత్రం గంటల లెక్కన పాఠాలు చెప్పడం దగ్గరే ఆగిపోయింది. అద్దె కట్టడానికి ప్రకటనలు తెలుగు చేస్తుంటాను. 2025 ఎండాకాలంలో ఒక కంపెనీ వాళ్ళు ఇంగ్లీషు ప్రకటన పంపి, 'ఆడవాళ్ళ గుండెకి తగిలేలా ఉండాలి మేడమ్' అన్నారు. పద్నాలుగు వాక్యాలకి పన్నెండు వందల రూపాయలు. నిజానికి 'మీ శరీరం మీదే' అన్న మాట ఇంగ్లీషు ప్రకటనలో లేదు. నేనే చేర్చాను. వాళ్ళకి తెగ నచ్చింది. ఆ రోజుల్లోనే మాకు దగ్గర్లోని హైటెక్స్‌లో ప్రపంచ సుందరి పోటీలు జరుగుతున్నాయి. మే 31న చివరి రాత్రి కిరీటం పెట్టారు. ఆ పోటీల్ని వ్యతిరేకిస్తూ రాసిన ఒక ప్రకటన మీద నేను సంతకం కూడా చేశాను. ఒక చేత్తో సంతకం, ఇంకో చేత్తో హోర్డింగు!

హోర్డింగు ఫోటో తీసి అమ్మకి పంపాను. కూతురి అక్షరాలు అంత పెద్దగా ఎప్పుడు చూసింది కనుక! జూన్‌లో మిర్యాలగూడ నుంచి ఫోన్ చేసింది. "డబ్బా వచ్చింది బిడ్డా. నీళ్ళల్ల కలుపుకోవాల్నా, పాలల్ల కలుపుకోవాల్నా?"

అమ్మ ముప్ఫై ఏళ్ళుగా అంగన్‌వాడీ టీచరు. 2021 పెంపు తర్వాత ఆమె గౌరవ వేతనం 13,650 రూపాయలు. 2015 జనవరిలో ఆరోగ్యలక్ష్మి పథకం మొదలైనప్పటి నుంచీ గర్భిణులకీ బాలింతలకీ రోజూ ఒక పూట భోజనం, గుడ్డు, పాలు తన కళ్ళముందే తినిపించీ తాగించీ పంపే మనిషి. ఆకుకూర తినండి, ఐరన్ బిళ్ళ మానకండి అని ఊరందరికీ చెప్పే మనిషి. నేలమీద కూచుని లేచీ లేచీ మోకాళ్ళు నొప్పులు పట్టాయి. ప్రభుత్వాసుపత్రిలో డాక్టరు తొడ కండరాలకి వ్యాయామం నేర్చుకొమ్మన్నాడు. రక్తం తొమ్మిది గ్రాములే ఉంది, ముందు ఆ సంగతి చూసుకొమ్మన్నాడు. ఫిజియోథెరపీకని దాచుకున్న డబ్బుల్లోంచి పద్దెనిమిది వందలు తీసి అమ్మ ఆ డబ్బా కొంది. ఎందుకు కొన్నావని అరిచాను. "నువ్వు రాసినవంటే అబద్ధం ఉండదు గద" అంది.

ఈ వ్యాసం ఆ ఒక్క మాటకి నా జవాబు.

నేను రాసిన పద్నాలుగు వాక్యాల్నీ ఇప్పుడు పరిశోధకురాలిగా చదువుతున్నాను. ప్రబంధ కవి నాయికని కొప్పు నుంచి కాలి గోటి దాకా ఒక్కొక్క అవయవంగా విడదీసి వర్ణిస్తాడు. ఆ వరుస అమాయకమైంది కాదని, స్త్రీని మనిషిగా కాక ముక్కలుగా చూసే అలవాటు అక్కడే ఉందని నా సిద్ధాంత వ్యాసంలో వాదించాను. తీరా నేను రాసిన ప్రకటనలో వరుస ఏమిటి? మెరిసే జుట్టు, ముడతలు లేని నుదురు, బిగువైన చెంపలు, నొప్పిలేని మోకాళ్ళు, విరగని గోళ్ళు! ప్రబంధంలో ప్రతి ముక్కకీ ఒక ఉపమానం ఉంటుంది. ప్రకటనలో ప్రతి ముక్కకీ ఒక లోపం ఉంటుంది. అంతే తేడా. పైగా ఆ వరుసలో మొదటిదీ చివరిదీ హైస్కూలు సైన్సు ముందు కూడా నిలబడవు. జుట్టూ గోళ్ళూ కొల్లాజెన్‌తో తయారైనవి కావు, కెరటిన్ అనే వేరే ప్రొటీన్‌తో తయారైనవి. రాసేటప్పుడు నేను ఆ మాత్రం కూడా కనుక్కోలేదు.

అమ్మ డబ్బా కొన్నాకే కనుక్కోవడం మొదలుపెట్టాను. మన ఒంట్లో ఉన్న ప్రొటీన్లలో దాదాపు మూడో వంతు కొల్లాజెనే. చర్మం, ఎముక, కీళ్ళలోని మృదులాస్థి, కండరాన్ని ఎముకకి కట్టి ఉంచే స్నాయువు, వీటన్నిటి గట్టిదనం దానిదే. గ్రీకు భాషలో 'కొల్లా' అంటే జిగురు. తోళ్ళూ ఎముకలూ ఉడకబెట్టి తీసే సరేష్ కూడా ఇందులోంచి వచ్చేదే. దాని నిర్మాణాన్ని విప్పిచెప్పిన పని మన పక్కనే జరిగింది. మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా 1954లో ఒక నమూనా ప్రతిపాదించి, 1955లో దాన్ని సవరించారు. మూడు పాయలు ఒకదాని చుట్టూ ఒకటి మెలితిరిగి జడలా అల్లుకుని ఉంటాయని తేల్చారు. అదే మద్రాసులో కేంద్ర తోలు పరిశోధన సంస్థ ఉంది. తెనాలి దగ్గర యలవర్రులో పుట్టిన యలవర్తి నాయుడమ్మ 1958 నుంచి 1971 దాకా దానికి డైరెక్టరు. తోలు శుద్ధి చెయ్యడమంటే రసాయన శాస్త్రం భాషలో ఏమిటి? పచ్చి చర్మంలోని కొల్లాజెన్ కుళ్ళిపోకుండా నిలబెట్టడమే.

ఆ వాక్యం చదివినప్పుడు మా నాయనమ్మ గుర్తొచ్చింది. మేం మాదిగలం. నాయనమ్మ తంగేడు చెక్క దంచి, నీళ్ళు మోసి, లంద నింపిన మనిషి. ఊరి బావి దగ్గరికి ఎలాగూ రానిచ్చేవాళ్ళు కాదు. కూలికి పోయినచోట కూడా ఆ వాసన పేరు చెప్పి దోసిట్లోకి దూరం నుంచి నీళ్ళు పోసేవాళ్ళట. కొల్లాజెన్ అన్న పేరు తెలియకుండానే జీవితమంతా దానితో పనిచేసింది. ఆ జ్ఞానాన్ని ఎవరూ శాస్త్రం అనలేదు. అంటు అన్నారు.

రెండేళ్ళ క్రితం కొత్తగూడలో ఇల్లు వెతుక్కుంటున్నప్పుడు ఒక ఓనరు ఆంటీ కాఫీ ఇచ్చి, "మీరేమిట్లమ్మా? నాన్‌వెజ్ వండుతారా?" అని అడిగింది. ఆవిడ ఫ్రిజ్ మీద అమెరికా నుంచి కొడుకు తెచ్చిన కొల్లాజెన్ డబ్బా ఉంది. వెనకవైపు సన్నటి అక్షరాల్లో 'బోవైన్ హైడ్' అని ఉంది. అంటే గొడ్డుతోలు. రోజూ పొద్దున్నే గోరువెచ్చటి నీళ్ళలో కలుపుకుని తాగుతానని ఆవిడే చెప్పింది. ఇల్లు మాత్రం నాకివ్వలేదు. ఆవిడ తాగడం తప్పని అనను, ఎవరి తిండి వాళ్ళిష్టం. కానీ నాయనమ్మ చేతి మీద వాసనగా ఉన్నది ఆవిడ గ్లాసులోకొచ్చేసరికి ఆరోగ్యం ఎలా అయింది? వాసన తీసేసి, రుచి కలిపి, ఇంగ్లీషు పేరు పెడితే సరిపోయిందా? మార్కెట్లో దొరికే కొల్లాజెన్ దాదాపు అంతా గొడ్డుతోలు, పందిచర్మం, చేపల చర్మం, పొలుసుల నుంచి తీసిందే. మొక్కల్లో కొల్లాజెన్ ఉండదు. ఈ సంగతి ప్రకటనలో ఎక్కడా రాయొద్దని నాతో ఎవరూ అనలేదు. రాయాలని నాకే తట్టలేదు.

సరే, పనిచేస్తుందా? నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే. నిజాయితీగా చెప్పాలంటే జవాబు 'అబద్ధం' అన్నంత తేలిగ్గా లేదు. తాగిన కొల్లాజెన్ తిన్నగా వెళ్ళి చెంపలకి అతుక్కోదు. కడుపులో, పేగుల్లో అరిగి అమైనో ఆమ్లాలుగా, రెండు మూడు అమైనో ఆమ్లాల చిన్న చిన్న ముక్కలుగా విడిపోతుంది. ఆ ముక్కల్లో కొన్ని రక్తంలోకి చేరుతున్న మాట నిజమే. అవి చర్మకణాల్ని మేలుకొలిపి కొత్త కొల్లాజెన్ తయారు చేయిస్తాయన్నది అమ్మేవాళ్ళ వాదన. 2025లో 'అమెరికన్ జర్నల్ ఆఫ్ మెడిసిన్'లో ఒక సమీక్ష వచ్చింది. 23 ప్రయోగాలు, 1474 మంది. అన్నీ కలిపి లెక్కగడితే చర్మంలో తేమ, సాగే గుణం పెరిగినట్టు, ముడతలు తగ్గినట్టు కనిపించింది. కంపెనీల డబ్బు తీసుకోని ప్రయోగాలని మాత్రమే విడిగా చూస్తే? ఆ మేలు కనిపించలేదు. నాణ్యత ఎక్కువున్న ప్రయోగాలని విడిగా చూస్తే? అప్పుడూ కనిపించలేదు! కీళ్ళ నొప్పి కొంత తగ్గిందని చెప్పే ప్రయోగాలు ఉన్నాయి. అయినా యూరప్ ఆహార భద్రతా సంస్థ 2011లో కీళ్ళ విషయంలోనూ, 2013లో ఒక రకం కొల్లాజెన్‌కి చర్మం సాగే గుణం విషయంలోనూ కార్యకారణ సంబంధం రుజువు కాలేదనే చెప్పింది.

కాబట్టి ఇది విషం అని నేననడం లేదు. ఖరీదైన ఆశ అంటున్నాను. ప్రొటీన్‌గా చూసినా ఇది అసంపూర్ణం. మనకి తప్పనిసరిగా కావలసిన ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం ఇందులో లేదు. అమ్మ అంగన్‌వాడీలో పంచే గుడ్డులో ఉంది.

ఇంకో సంగతి నన్ను బాగా కుదిపింది. కొల్లాజెన్ని మన ఒళ్ళే తయారు చేసుకుంటుంది. ఆ మూడు పాయల జడ వదులు కాకుండా నిలవాలంటే అందులోని ప్రోలిన్ అనే అమైనో ఆమ్లంలో ఒక మార్పు జరగాలి. ఆ మార్పు చేసే ఎంజైముకి రెండు వస్తువులు కావాలి. ఒకటి విటమిన్ సి, రెండోది ఇనుము. విటమిన్ సి బొత్తిగా అందకపోతే చిగుళ్ళ నుంచి రక్తం కారే స్కర్వీ జబ్బు వచ్చేది ఇందుకే. ఇక ఇనుము సంగతి! 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో రక్తహీనత ఉన్నవాళ్ళు తెలంగాణలో 57.6 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం. రక్తహీనత వల్లే ముడతలొస్తాయని చెప్పడం లేదు. ముడతల గురించి హోర్డింగులున్న ఊళ్ళో రక్తం గురించి హోర్డింగు లేకపోవడం గురించి చెబుతున్నాను. తొమ్మిది గ్రాముల రక్తంతో తిరిగే మనిషి చేత పద్దెనిమిది వందలు పెట్టించి కొల్లాజెన్ కొనిపించిన వాక్యం నాది. ఆ డబ్బుతో ఎన్ని నెలల జామపండ్లు, ఎంత నిమ్మరసం, ఎన్ని గుడ్లు వచ్చేవి! తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లో, కండ పెంచుకోవడానికి ప్రొటీన్ పొడుల జోలికి పోవద్దని స్పష్టంగా చెప్పింది. మన నగరంలోనే ఉన్న సంస్థ చెప్పిన మాట మన చౌరస్తా దాకా రాలేదు. కంపెనీ మాట వచ్చింది.

ఇప్పుడు 'మీ శరీరం మీదే' అన్న మాట దగ్గరికొస్తాను. ఆ మాట నేనెక్కడ్నించి ఎత్తుకొచ్చానో నాకు తెలుసు. మన ముందుతరం స్త్రీలు గర్భం గురించీ, కు.ని. ఆపరేషన్ల గురించీ, మొగుడి దెబ్బల గురించీ మాట్లాడుతూ సంపాదించిన మాట అది. 1985లో, ఇక్కడికి ఎంతో దూరం లేని పటాన్‌చెరు ఆరోగ్య కేంద్రంలో నెట్-ఎన్ అనే గర్భనిరోధక ఇంజెక్షను ప్రయోగానికి పేద స్త్రీలని సమీకరించారు. అది ప్రయోగమనీ, దాని వల్ల రాగల ఇబ్బందులు ఇవీ అనీ వాళ్ళకి సరిగా చెప్పలేదు. స్త్రీశక్తి సంఘటన కార్యకర్తలు వెళ్ళి నిలదీశారు. 1986లో సుప్రీంకోర్టు దాకా తీసుకెళ్ళారు. ఆ తరం కృషిలోంచే 'సవాలక్ష సందేహాలు' లాంటి ఆరోగ్య పుస్తకం తెలుగులో వచ్చింది. శరీరం మనదంటే అర్థం ఏమిటి? దానిలోకి ఏం వెళుతోందో, ఎక్కడ్నించి వస్తోందో, ఎవరి లాభం కోసమో మనకి తెలియాలని. చెప్పకుండా ఏదీ ఎక్కించొద్దని. నేను ఆ మాటని తీసుకెళ్ళి, ఏ సమాచారమూ చెప్పని ఒక డబ్బా మీద అతికించాను! అర్థం తలకిందులు చేశాను. తెలుసుకునే హక్కుని కొనుక్కునే హక్కుగా మార్చాను.

ఇదంతా మా పక్క ఫ్లాట్‌లో ఉండే అమ్మాయితో అంటే నవ్వింది. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో పద్నాలుగేళ్ళ అనుభవం ఉన్న మనిషి. "నీకేం అక్కా, క్లాసులో నీ ముఖం చూసి జీతం ఇవ్వరు. నేను మీటింగులో కెమెరా ఆన్ చెయ్యగానే 'డల్‌గా ఉన్నారేంటి' అంటారు. నా పక్కన తలంతా నెరిసిన మేనేజరుంటాడు, ఆయన్ని ఎవరూ అనరు. టీమ్‌లోంచి ముందు ఎవర్ని పంపిస్తారో నాకు తెలియదా? నెలకి రెండు వేలు నా ఉద్యోగానికి ఇన్సూరెన్సు అనుకో."

ఆమెని తప్పుబట్టడానికి నా దగ్గర మాట లేదు. ఆమె లెక్క సరైనదే. అందం పిచ్చితో కొంటున్నారని ఆడవాళ్ళని ఎగతాళి చేసేవాళ్ళు ఈ లెక్క చూడరు. కానీ ఆమె మాటల్లోనే ఉంది కదా, జబ్బు ఎక్కడుందో! మగవాడి ముడత అనుభవంగా, ఆడదాని ముడత అలసటగా చదివే కళ్ళలో ఉంది. ఆ కళ్ళకి మందు వెయ్యడం మానేసి ఆమె చర్మానికి వేస్తున్నాం. ఖర్చు ఆమెది, లాభం కంపెనీది, మారనవసరం లేనిది ఆఫీసు.

ఇంకొక మౌనం గురించి కూడా చెప్పాలి. ముట్టు ఆగిపోయాక ఈస్ట్రోజెన్ తగ్గి, మొదటి ఐదేళ్ళలో చర్మంలోని కొల్లాజెన్ సుమారు 30 శాతం తగ్గుతుందని వైద్య గ్రంథాలు చెబుతాయి. అది నిజమే. ఎముకలు పలచబడటం, నిద్ర పట్టకపోవడం, ఒంట్లో ఆవిర్లు కూడా నిజమే. మా అమ్మతో ఈ మాటలు మాట్లాడిన వాళ్ళెవరు? ఇంట్లో మాట్లాడలేదు. ముప్ఫై ఏళ్ళు గర్భిణుల ఆరోగ్యం చూసిన తన శాఖ మాట్లాడలేదు. బిడ్డల్ని కనే వయసు దాటాక మన ఆరోగ్య వ్యవస్థకి ఆడది కనిపించదు. నేను కూడా మాట్లాడలేదు, డాక్టరేట్ చేసిన కూతుర్ని! మొట్టమొదట ఆమె వయసుని గుర్తించి పలకరించింది ఆ డబ్బానే. మనం వదిలేసిన చోటికే మార్కెట్ వస్తుంది. అలా వచ్చి మార్పుని 'నష్టం' అని పేరు పెట్టి పిలుస్తుంది. 'తిరిగి గెలుచుకోండి' అని నేను రాశాను. ఎవరితో యుద్ధం? తన వయసుతోనా?

ఆ హోర్డింగు కిందే పొద్దున ఆరింటికి రోడ్లు ఊడ్చే అక్కలు కూచుని టీ తాగుతారు. వెనక సందుల్లో కడుతున్న అపార్టుమెంట్ల దగ్గర పాలమూరు నుంచి వచ్చిన ఆడవాళ్ళు మిట్టమధ్యాహ్నం ఇసుక మోస్తారు. చర్మంలోని కొల్లాజెన్ని విరగ్గొట్టే వాటిలో ముఖ్యమైంది ఎండ. అందులోని అతినీలలోహిత కిరణాలు ఆ పని చేస్తాయి. వాళ్ళకి కావలసింది డబ్బా కాదు. పనిచేసే చోట నీడ, మధ్యాహ్నం విరామం, తాగే నీళ్ళు, కడుపునిండా తిండి. నీడ గురించి ఏ కంపెనీ ప్రకటన రాయించదు. నీడని అమ్మలేం కాబట్టి.

నేనడిగేవి పెద్దవేం కాదు. డబ్బా మీద అది ఏ జంతువు చర్మమో తెలుగులో, కంటికి కనిపించేలా రాయండి. మీరు చూపించే పరిశోధనకి డబ్బు ఎవరిచ్చారో దాని పక్కనే రాయండి. ఆరోగ్య కేంద్రాల్లో ముట్టుడిగిన స్త్రీల కోసం వారానికి ఒక్క పూటైనా కేటాయించండి. అంగన్‌వాడీ టీచర్ల రక్తం కూడా పరీక్షించండి. ఇక నాలాగా మాటలు అమ్ముకుని బతికేవాళ్ళని అడిగేది ఒకటే. ఉద్యమం మాటల్ని ప్రకటనకి ఇచ్చేముందు అమ్మ చదువుతుందని గుర్తుపెట్టుకుందాం.

కంపెనీకి ఇక రాయనని చెప్పాను. వాళ్ళేం బాధపడలేదు. ఇంకెవరో రాస్తున్నారు. దసరాకి మిర్యాలగూడ వెళ్ళి, డబ్బా వెనకున్నదంతా అమ్మకి తెలుగులో చదివి చెప్పాను. చివరిదాకా విని, "మరి ఆ మాట ఎందుకు రాసినవ్?" అంది. పన్నెండు వందలకి అని చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. డబ్బాలో మిగిలింది పారెయ్యమంటే ఒప్పుకోలేదు. "పద్దెనిమిది వందలు పారబోస్తమా?" అని నెల రోజులు తాగి అవగొట్టింది. మోకాళ్ళు అలాగే ఉన్నాయి. వ్యాయామం ఇప్పుడు మొదలుపెట్టింది.

వచ్చే ముందు రోజు నన్ను తన సెంటరుకి తీసుకెళ్ళి చార్టు, స్కెచ్ పెన్ను చేతికిచ్చింది. పెద్ద అక్షరాలతో రాయమంది. ఆమె చెప్పింది, నేను రాశాను: 'ఐరన్ బిళ్ళ టీతో వేసుకోవద్దు. నిమ్మరసంతో వేసుకోవాలి.'